దాత గారి మెడలో డోలక్

గత ఆదివారం ఉదయం పదిన్నరకు బెజవాడ బందరు రోడ్డులోని ఒక ఏసీ హాలులో మొదలైన సమావేశం, భారతదేశం తరఫున విదేశానికి వెళ్లవలసిన పాటను భోజనాల వేళకల్లా తేల్చేసింది. తేల్చింది పాటను కాదనీ, పాట పేరు చెప్పి విమానం ఎక్కవలసిన ఆరుగురినేననీ ఊళ్లో కొందరు గిట్టనివారు అంటున్నారు. పరిశీలకుడి హోదాలో చివరి వరుసలో కూర్చుని, నిర్వాహకులు పెట్టిన రెండు మిరపకాయ బజ్జీలనూ ఒక కాజానూ స్వీకరించినవాడిని గనుక, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే అలవాటు లేనివాడిని గనుక, జరిగినదాన్ని ఉన్నదున్నట్టు రాసి ఆ అపవాదును తుడిచివేయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

పోటీ పేరు చెప్పను. దాన్ని నడుపుతున్నది విదేశాల్లో స్థిరపడిన మనవాళ్లే. దేశానికొక పాట, పాటకు ఆరు రానుపోను టికెట్లు. 2023లో తెలుగు సినిమా పాటకు ఆస్కార్ వచ్చిన నాటి నుంచి ప్రపంచమంతా మన పాటంటే చెవి కోసుకుంటున్నదని నమ్మే ఒక సాంస్కృతిక సంఘం ఈ భారాన్ని అడిగి మరీ నెత్తికెత్తుకుంది. నిబంధనలను మాత్రం ఎవరూ కొత్తగా రాయలేదు, ఐరోపా దేశాలు ఏటా పెట్టుకునే పాటల పోటీ యూరోవిజన్ నుంచి దించుకున్నారు. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైన ఆ పోటీలో ఇప్పుడు పాట మూడు నిమిషాలు దాటకూడదు, వేదిక మీద ఆరుగురికి మించి ఉండకూడదు, రాజకీయం పలకకూడదు, ప్రధాన గాత్రం అక్కడికక్కడ పాడి తీరాలి. వాద్య సంగీతం మాత్రం ముందే రికార్డు చేసి తెచ్చుకోవలసిందే. 1999 నుంచి అక్కడ ఆర్కెస్ట్రా లేదు, వేదిక మీద వాయిద్యం పట్టుకున్నవారు వాయిస్తున్నట్టు కనిపిస్తే చాలు. ఈ చివరి నిబంధనను పాఠకులు దయచేసి గుర్తుపెట్టుకోవాలి. సంఘం వారు మిగతావన్నీ మరిచిపోయి దీన్నొక్కదాన్నే గుర్తుపెట్టుకున్నారు.

ఎంపిక సంఘంలో పదకొండు మంది సభ్యులున్నారు. వారిలో స్థలాల వ్యాపారులున్నారు, కార్పొరేట్ కళాశాల యజమాని ఉన్నారు, ఎముకల వైద్యులున్నారు, మాజీ కార్పొరేటర్ గారి మేనల్లుడున్నాడు. సంగీతం వచ్చినవారు మాత్రం ఒక్కరూ లేరు. ఇది లోపం కాదనీ, నిష్పాక్షికతకు తీసుకున్న జాగ్రత్త అనీ అధ్యక్షులు ప్రారంభోపన్యాసంలోనే వివరించారు. పాట వచ్చినవాడు తన గురువు వైపో తన శిష్యుడి వైపో మొగ్గుతాడు కదా, ఏమీ రానివాడికి ఏ పాటైనా ఒక్కటే. ఈ తర్కానికి హాలంతా చప్పట్లు కొట్టింది. స్వీడన్ వారు తమ పాట కోసం వారాల తరబడి ఊరూరా పోటీలు పెట్టి జనం చేత ఓట్లు వేయించుకుంటారనీ, ఇటలీ వారికి 1951 నుంచి సాన్‌రెమో పాటల ఉత్సవం ఉన్నదనీ, అసలు యూరోవిజన్ పుట్టిందే దాన్ని చూసి అనీ ఒక యువకుడు లేచి చెప్పబోయాడు. మంచి సూచన అని అధ్యక్షులు మెచ్చుకుని, ఎంపిక పూర్తయ్యాక ఆ రెండు దేశాలకూ అధ్యయన యాత్ర చేయాలని అక్కడికక్కడే తీర్మానం రాయించారు.

మొదట వచ్చినది గుంటూరు వైపు నుంచి ఒక బుర్రకథ దళం. ఆ జిల్లాలోని పొన్నెకల్లులో పుట్టిన నాజర్ గారికి బుర్రకథ చెప్పినందుకే 1986లో పద్మశ్రీ ఇచ్చారు కాబట్టి, దళాన్ని మర్యాదగానే కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చారు. చిక్కు నిబంధనల దగ్గర వచ్చింది. మూడు నిమిషాల్లో ఏం చెబుతారని అడిగితే, మూడు నిమిషాలంటే గుమ్మెట సరిచూసుకుని ఇష్టదేవతకు దణ్ణం పెట్టుకునేసరికే సరిపోతుందండీ అని కథకుడు నిజం చెప్పేశాడు. అది సర్దుకోవచ్చునేమో కానీ, పక్కన నిలబడిన ఇద్దరూ ఎవరని వైద్యులు గారు అడిగినప్పుడు అతను ఇంకో నిజం చెప్పాడు. ఒకరు హాస్య వంత, మరొకరు రాజకీయ వంత. రాజకీయం నిషిద్ధమని నిబంధన నాలుగులో స్పష్టంగా ఉన్నది. ఆ రెండోవారిని తీసేసి వస్తే పరిశీలిస్తామని అధ్యక్షులు ఉదారంగా చెప్పారు. బుర్రకథలో రాజకీయ వంతను తీసేయడమంటే ముక్కాలిపీటకు ఒక కాలు తీసేసి కూర్చోమనడమని ఆ యువకుడు గొణిగాడు కానీ, ముక్కాలిపీట అనే వస్తువును చూసినవారు ఆ హాలులో ఎందరున్నారో నాకు అనుమానమే.

తర్వాత ఎవరు పాడాలన్నది చర్చకు వచ్చింది, అయిదు నిమిషాల్లో ముగిసింది. 1988లో స్విట్జర్లాండ్ తరఫున పాడి గెలిచిన సెలీన్ డియోన్ కెనడా మనిషి. స్విస్సు వారికి లేని పట్టింపు మనకెందుకని కళాశాల యజమాని నిలదీశారు. అందుచేత బొంబాయి గాయకుణ్ని పిలిపించాలని ఏకగ్రీవంగా నిశ్చయించారు. ఆయన ‘కళ్లు’ అన్న చోట ‘కల్లు’ అంటాడని నేను భయపడ్డాను. కన్నీళ్ల పాటను తాటిచెట్టు ఎక్కించడం మన సినిమాల్లో ఎన్నేళ్లుగానో జరుగుతున్న పనే కాబట్టి ఆ భయాన్ని బజ్జీతోపాటు మింగేశాను.

ఇక అసలు ఘట్టానికి వస్తాను. గాయకుడు ఒకడు పోగా వేదిక మీద అయిదు స్థానాలు మిగిలాయి. వాద్యాలు రికార్డులో ఉంటాయి కనుక వాద్యకారులు అక్కర్లేదు. వాద్యాలు చేతపట్టుకోవడానికి మాత్రం మనుషులు కావాలి, మనుషులు సంఘంలో కావలసినంత మంది ఉన్నారు. అధ్యక్షులు వీణను తీసుకున్నారు. వీణను కూర్చుని వాయిస్తారన్న సంగతి ఆయనకు తెలుసు, కానీ కూర్చుంటే టీవీలో బొజ్జ కనిపిస్తుందని శ్రీమతి గారు హెచ్చరించడంతో గిటారు మాదిరిగా భుజానికి పటకా కట్టి నిలబడాలని నిర్ణయమైంది. శ్రీమతి గారికి తంబురా ఇచ్చారు, గోరు విరగకుండా ముందుజాగ్రత్తగా తీగలు తీసేసి. కోశాధికారి గారు వయొలిన్ అందుకున్నారు. మనవాళ్లు దాన్ని కింద కూర్చుని, తల భాగాన్ని పాదానికి ఆనించి వాయిస్తారని ఎవరో గుర్తుచేయగా, కోశాధికారి గారికి మోకాళ్ల నొప్పులున్నాయనీ, కింద కూర్చుంటే లేవలేరనీ ఎముకల వైద్యులు గారు వృత్తిపరంగా ధ్రువీకరించారు. గడ్డం కింద పెట్టుకోవాలనీ, అలా అయితే అంతర్జాతీయంగానూ ఉంటుందనీ తీర్మానించారు. నాలుగో స్థానం సమన్వయకర్త గారి అబ్బాయికి కీబోర్డుతో సహా దక్కింది. అతను ఎంఎస్ చదవడానికి ఎలాగూ అటే వెళుతున్నాడు, పోనుటికెట్ కలిసివస్తుంది. 2021 నుంచి యూరోవిజన్‌లో వంత గాత్రాలను కూడా రికార్డు చేసి తెచ్చుకోనిస్తున్నారని యువకుడు చెప్పినప్పుడు మాత్రం సభ్యులు నొచ్చుకున్నారు. వంత పాడటానికి యంత్రమెందుకు, ఇంతమందిమి లేమా అని వారి బాధ.

మిగిలినది డోలక్, దాన్ని దాత గారికి కేటాయించారు. ఖర్చంతా పెట్టుకుంటున్న మనిషి మెడలో ఏదో ఒకటి పడాలి కదా. ఇక్కడికి ఆరుగురూ పూర్తయ్యారని అందరూ ఊపిరి పీల్చుకుంటుండగా బొంబాయి నుంచి ఫోను వచ్చింది. గాయకుడు తల్లి లేనిదే విమానం ఎక్కడట. టికెట్లు ఆరే, మనుషులు ఏడుగురు. హాలులో అంతసేపు నిశ్శబ్దం ఆ ఉదయం మొత్తంలో ఒక్క పాట విన్నప్పుడు కూడా లేదు. ఎవరిని ఆపాలి? వీణ లేకపోతే సంప్రదాయం పోతుంది, తంబురాను ఆపితే అది వీణను ఇంటికి రానివ్వదు, వయొలిన్ దగ్గర లెక్కల పుస్తకం ఉన్నది, కీబోర్డుకు వీసా వచ్చేసింది, డోలక్ లేకపోతే డబ్బే లేదు. చాలాసేపు తర్జనభర్జన జరిగాక కోశాధికారి గారు గొంతు సవరించుకుని, అసలు గాయకుడు లేకుండా వెళితే ఎలా ఉంటుందో ఆలోచించాలన్నారు. ట్రాక్ ఉన్నది కదా, పెదవులు అధ్యక్షులు కదుపుతారు. ప్రధాన గాత్రం అక్కడికక్కడ పాడి తీరాలన్న ఆ పాడు నిబంధన ఒక్కటి అడ్డు రాకపోయి ఉంటే, గాయకుడు లేని పాటను ప్రపంచానికి ప్రసాదించిన తొలి దేశంగా మనం నిలిచి ఉండేవాళ్లం. చివరకు ఆ తల్లి గారి టికెట్ దాత గారే కొంటానన్నారు.

గెలుస్తామా అని మాత్రం ఎవరూ అడగలేదు. సున్నా వస్తే ఎలాగని అడిగినవాడు ఒకడున్నాడు. 2021లో అంతటి బ్రిటన్‌కే సున్నా వచ్చింది కాబట్టి అది పెద్ద దేశాల సరసన నిలిచే అంకె అని సమాధానం వచ్చింది. గ్రీసు, సైప్రస్ ఒకరికొకరు ఏళ్లుగా అత్యధికమైన పన్నెండేసి పాయింట్లు ఇచ్చుకుంటున్నారని యువకుడు చెబితే ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇంటిపేరు చూసి దండ లావు నిర్ణయించే ఊరు మాది.

ఇంతవరకు నవ్వుతూనే రాశాను. ఆ తర్వాత జరిగినది రాయడానికి నాకు నవ్వు రావడం లేదు.

డోలక్ ఎలా పట్టుకోవాలో దాత గారికి నేర్పడానికి గుంటూరు నుంచి ఒకాయనను పిలిపించారు. అరవై దాటిన మనిషి. నాటకాలకు, హరికథలకు, దసరా పందిళ్లకు జీవితమంతా వాయించినవాడు. వేళ్లకు తెల్లటి ప్లాస్టర్ చుట్టుకుని, సొంత డోలక్‌ను పాత దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఉదయం నుంచీ తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. రిహార్సల్ ఉందని ఫోను చేశారు కాబట్టి వాయించడానికే పిలిచారనుకున్నాడు. దుప్పటి విప్పి, తాళ్లకున్న రింగులను ఒక్కొక్కటే జరిపి, చెవి దగ్గర పెట్టుకుని చూపుడువేలితో మెల్లగా తట్టి శ్రుతి చూసుకున్నాడు. ఆ హాలులో ఆ రోజు మొత్తంమీద వినిపించిన సంగీతం అదొక్కటే. అప్పుడు సమన్వయకర్త వచ్చి ఆ డోలక్ తీసి దాత గారి మెడలో వేసి, మీరు వాయించనక్కర్లేదు, చేతులు ఎలా ఆడించాలో సారుకు చూపించండి చాలు అన్నాడు. ఆయన ఒక్క క్షణం తన చేతులను చూసుకున్నాడు. తర్వాత చూపించాడు. అరగంట చూపించాడు. దానికి ఆయనకు దక్కినది ఒక కాజా. బస్సు చార్జీ అడిగితే రసీదు తెచ్చారా అన్నారు.

బుద్ధి ఉన్నదా అసలు? ఇది ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైన ఊరు. బాలమురళీకృష్ణ గారు సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఊరు. పొద్దున్నే రేడియోలో భక్తిరంజని వినిపించకపోతే కాఫీ దిగని ఇళ్లున్న ఊరు. నిలయ విద్వాంసుడన్న మాట ఇక్కడ ఒక ఉద్యోగం పేరు, ఆ ఉద్యోగంతో పిల్లల్ని చదివించిన వాళ్లున్నారు. అలాంటి చోట వాద్యం వచ్చినవాణ్ని తలుపు దగ్గర కూర్చోబెట్టి, ఆ వాద్యాన్ని చందా ఇచ్చినవాడి మెడలో నగలాగా వేసి, దేశం పరువు కోసమని చెప్పుకోవడానికి నోరెలా వచ్చింది? చేతకానివాడు పాటను చెడగొట్టాడంటే అర్థం చేసుకోవచ్చు. వీళ్లు చేతనైనవాడి చేతుల్లోంచే లాక్కున్నారు.

వెళ్లేముందు ఉండబట్టలేక అధ్యక్షులకు ఒక మాట చెప్పాను. పోర్చుగల్ 1964 నుంచి యూరోవిజన్‌కు పాటలు పంపుతూ 2017 దాకా ఒక్కసారీ గెలవలేదు. గెలిచిన ఏడాది ఒక అక్క పాట కట్టింది, తమ్ముడు ఒంటరిగా నిలబడి సొంత భాషలో పాడాడు, మంటలు లేవు, పొగలు లేవు. సంగీతమంటే బాణసంచా కాదని ఆ కుర్రాడు గెలిచాక వేదిక మీదే అన్నాడు. అధ్యక్షులు శ్రద్ధగా విని, పాపం వాళ్లకు దాతలు దొరికి ఉండరు అన్నారు.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. అందరూ నవ్వుతున్నారు. దాత గారి మెడలో డోలక్ తిరగబడి ఉన్నది, గంభీరంగా పలికే ఎడమ వైపు ఆయన కుడి చేతి కిందికి వచ్చింది. సంఘంలో ఇంతవరకు ఎవరూ గమనించలేదు. గుంటూరు ఆయన డోలక్ కూడా ఇంకా తిరిగి ఇవ్వలేదట, ఫ్లెక్సీ ఫోటోలు మిగిలి ఉన్నాయట.