మహారాజశ్రీ ఇంటర్మీడియట్ గారికి

బెజవాడ నుంచి ఒక స్వీప్ రైడరు (బైకుల గుంపులో అందరికంటే ఆఖరున వచ్చేవాడు) వ్రాయు విన్నపములు.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే మొన్న ఆదివారం నుంచి నా కుడి భుజం పైకి లేవడం లేదు. నా వైపు కుశలం అంతంత మాత్రమే. తమరు మాత్రం క్షేమమని తెలుసు. వచ్చే ఆదివారం బైకు రైడ్ ఫారంలో, ఎవరి స్థాయి ఏమిటో టిక్కు పెట్టే గడిలో, అప్పుడే ఏడుగురి పేర్ల పక్కన దర్జాగా కూర్చుని ఉన్నారు.

బిగినర్ అని పెట్టుకుంటే నామోషీ. ఎక్స్‌పర్ట్ అని పెట్టుకుంటే "అయితే ముందు నువ్వే పద" అంటారు. అందుకని లోకమంతా వచ్చి మీ ఒళ్లో కూర్చుంటుంది. మీరూ ఎవర్నీ కాదనరు. ఆ పెద్ద మనసే మా కొంప ముంచుతోంది.

మా ఊళ్లో మీ పేరుకి ఇంకో అర్థం ఉంది. ఇంటర్మీడియట్ అంటే రెండేళ్ల హాస్టలు, తెల్లారకముందే స్టడీ అవరు, వెయ్యి మార్కులకి పరుగు. అక్కడ గట్టెక్కాలన్నా నూటికి 35 రావాలి. మీ దగ్గర టిక్కు పెడితే చాలు. మిమ్మల్ని అని ఏం లాభం లెండి. ముక్క సంస్కృతం రాకపోయినా సంస్కృతంలో 98 తెచ్చుకున్న బ్యాచ్ మాది. మాకు డొంకదారిలో ఇంటర్మీడియట్ అవడం ఒక లెక్కా?

ఇక ఆదివారం సంగతి. తొమ్మిది బళ్లు. పొద్దున్నే 5.30కి వారధి దగ్గర కలిశాం. గుంటూరులో కారప్పొడి, నెయ్యి వేసిన ఇడ్లీ తిని, కొండవీడు కొండల పక్కన ఒక పాత క్వారీ బాట ఎక్కి దిగి, పన్నెండుకల్లా ఇంటికి రావాలని ప్లాను. ఒంటిగంటకి మా తోడల్లుడి గృహప్రవేశం భోజనాలు. ఇంట్లో మాటిచ్చాను.

మీ మనిషి కూడా వచ్చాడు. తమ్ముడు మంచివాడే. దాదాపు 200 కిలోల కొత్త హిమాలయన్ బైకు, మోకాళ్లకి ఇంకా ట్యాగు ఊడని గార్డులు, హెల్మెట్ మీద కెమెరా. ఫారంలో మీ పేరు రాసి, సాక్ష్యంగా ఖర్దుంగ్ లా బోర్డు పక్కన దిగిన ఫొటో పెట్టాడు. లడఖ్‌లో ఎక్కువ దూరం తారు రోడ్డే కదా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను. మారేడుమిల్లి ఘాట్ పేరు చెప్పుకుని వచ్చేవాళ్లనీ ఇలాగే ఏమీ అనలేక ఊరుకుంటాం.

ముందురోజు రాత్రి వాన పడింది. మూడొందల మీటర్ల ఎక్కుడు. కింద నల్లరేగడి, పైన కంకర. ఎండాకాలంలో ఆ బాటని బిగినర్లు నవ్వుకుంటూ ఎక్కేస్తారు. వాన పడితే ఆ బాటే వేరే బాట. రేగడి అంటే ఏమిటో గుంటూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. చెప్పుకే కాదు, ముందు టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య కూడా ముద్దలు ముద్దలుగా కూరుకుంటుంది. చక్రం తిరగడం మానేస్తుంది. పుల్లతో గీకి తీయాలి, రెండు గజాలు పోయాక మళ్లీ గీకాలి. తమ్ముడు బంకులో గాలి 36 కొట్టించుకుని వచ్చాడు. ఇలాంటి చోట గాలి కాస్త దించాలని ఎవరూ చెప్పలేదట. ఎవరు చెప్తారు? ఇంటర్మీడియట్‌కి చెప్తే ఏమనుకుంటాడో!

సగం ఎక్కాక ఇంజన్ ఆగిపోయింది. ఏటవాలులో బండి ఆగితే గేర్లోనే ఉంచి క్లచ్ వదిలేయాలి, ఇంజనే బండిని పట్టుకుంటుంది. తమ్ముడు క్లచ్ గట్టిగా పట్టుకుని, రెండు కాళ్లూ కింద పెట్టి, ముందు బ్రేకు నొక్కాడు. ముందు చక్రం బిగుసుకుంది. బండి మాత్రం బిగుసుకున్న చక్రంతోనే వెనక్కి జారుతూ వచ్చింది. ఎవరి మీదకి? స్వీప్ మీదకి. అంటే నా మీదకి.

ఇక మీరూ తమరూ నా వల్ల కాదు. ఒరేయ్ ఇంటర్మీడియట్! రెండు గంటల నలభై నిమిషాలు రా! మూడొందల మీటర్లకి! పదకొండుసార్లు లేపాను ఆ బండిని. క్లచ్ కాలిన వాసన ఇప్పటికీ నా ముక్కులోంచి పోలేదు. పైన ఏడుగురు ఎండలో నీళ్లన్నీ తాగేసి, ఆ తర్వాత ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటూ కూర్చున్నారు. నువ్వెక్కడున్నావు అప్పుడు? ఫారంలో, నీడపట్టున!

అంతలో ఒకాయన టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చాడు. లుంగీ, హవాయి చెప్పులు, చెరో పక్కా పాల క్యాను. మా టైర్ల గాడిలోకి రాకుండా పక్కన గడ్డి ఉన్న అంచు పట్టుకుని, కాళ్లు రెండూ నేలకి తాకిస్తూ పైకి పోయాడు. మూత కూడా కదల్లేదు. బండి పైన పెట్టి మళ్లీ నడుచుకుంటూ దిగొచ్చి, మాతో పాటు ఒక చెయ్యి వేశాడు.

"ఎంతైంది బాబూ బండి?"

తమ్ముడు చెప్పాడు.

"మూడు గేదెలొచ్చేయి గదయ్యా," అని చేతులు దులుపుకుని పోయాడు.

ఆయన ఏ గడిలో టిక్కు పెట్టాలో చెప్పు.

అసలు ఫారంలోంచి నిన్ను పీకేసి, నాలుగు మాటలు అడిగితే సరిపోదా? ఎక్కుడులో బండి ఆగిపోతే వెనక్కి తిప్పుకుని దిగగలవా? నిలబడి ఎంత దూరం నడపగలవు? కిందటిసారి బండి పడినప్పుడు లేపింది ఎవరు? ఇదీ కాదంటే ఖాళీ స్థలంలో పది మీటర్ల గీత గీసి, కాలు కింద పెట్టకుండా అందరికంటే ఆలస్యంగా చేరమంటే చాలు. ఎవరి సరుకెంతో అరనిమిషంలో తెలుస్తుంది. గుంపుని ముందుండి నడిపే మా లీడ్‌కి ఇదంతా తెలుసు. అడిగితే జనం తగ్గుతారని భయం. బిగినర్ అని రాసుకుని, నెమ్మది బ్యాచ్‌లో దూరి దుమ్ము లేపే వినయవంతుల సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను.

ఇల్లు చేరేసరికి నాలుగున్నర. బురదతోనే గృహప్రవేశానికి వెళ్తే విస్తళ్లు కూడా ఎత్తేశారు. మా ఆవిడ ఏమీ అనలేదు. అనలేదంటే అర్థం నీకు తెలీదు, నీకు పెళ్లి కాలేదు.

భుజం సంగతి కూడా చెప్పేస్తాను. తమ్ముడి బండి లేపి లేపి పట్టేసిందని ఇంట్లో చెప్పాను. అది కాదు. వాడు పైకి చేరాక నా బండి తీసుకుని ఎక్కబోయి, అదే గాడిలో, అదే రాయి దగ్గర నేనూ పడ్డాను. స్వీప్‌గా ఉండటంలో ఇదొక్కటే సుఖం. వెనక చూసేవాడు ఉండడు. ఆరేళ్లుగా నా పేరు పక్కన ఉన్నదీ నువ్వే.

నిన్న రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, వచ్చే వారం ఫారంలో బిగినర్ అని మార్చేశాను. నువ్వేం పెట్టావు?"

సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను.

ఇట్లు,
మీ విధేయుడు