గుడ్డ పరవాల్సింది కాయ కింద, మడి మీద కాదు

వసంతం రాగానే ఇక్కడ మసాచుసెట్స్‌లో పెరటితోట పెంచే తెలుగు మిత్రులు ఎవరో ఒకరు నన్ను ఇదే ప్రశ్న అడుగుతారు. "ఈసారి బరువు పోటీలకు పెంచే ఆ రాక్షస గుమ్మడి వేద్దామనుకుంటున్నామండీ, మడి మొత్తానికి నల్లటి వీడ్ మ్యాట్, అదే కలుపు మొలవకుండా కప్పే గుడ్డ, పరిచేస్తే కలుపు తీసే శ్రమ తప్పుతుంది కదా?" తప్పుతుంది. దానితోపాటు కాయను పోటీ తూకానికి మోసుకుపోయే శ్రమ కూడా తప్పుతుంది.

ఇంత కటువుగా చెప్పడానికి కారణం, ఆ పొరపాటు మొదట చేసినవాణ్ణి నేనే కావడం. మొదటి ఏడాది 25 అడుగుల పొడవు, అంతే వెడల్పు ఉన్న మడి అంతటా గుడ్డ పరచి, అంచులకు మేకులు దిగ్గొట్టి, నడుమ ఒక్క కంత కోసి అందులో మొక్క నాటాను. చూడటానికి ఎంతో శుభ్రంగా ఉండేది. జులైలో వచ్చిన ఒక గాలివానకు, నేలలో ఎక్కడా పట్టులేని తీగ చాపలా చుట్టుకుపోయి సగం ఆకులు విరిగిపోయాయి. కాయ 90 కిలోల దగ్గర ఆగిపోయింది.

అట్లాంటిక్ జెయింట్ అనే ఈ రాక్షస గుమ్మడి రకం మనం పులుసులో వేసుకునే గుమ్మడికి దగ్గరి చుట్టమే అయినా, దాని ఆకలి వేరు. కెనడాలోని నోవా స్కోషియాకు చెందిన హోవర్డ్ డిల్ అనే రైతు ఏళ్ల తరబడి విత్తనాలు ఎంపిక చేస్తూ తీర్చిదిద్దిన ఈ రకంలో, తల్లివేరు ఒక్కటే మొక్కను పోషించదు. తీగ పాకుతున్న కొద్దీ ప్రతి కణుపు దగ్గరా కొత్త వేరు దిగుతుంది. అనుభవమున్నవారు ఆ కణుపుల మీద మట్టి కప్పి, వేరు త్వరగా దిగేలా చూస్తారు. ఉధృతంగా పెరిగే రోజుల్లో కాయ రోజుకు 15 నుంచి 20 కిలోల బరువు ఎక్కేది ఈ వందలాది వేళ్ల బలంతోనే. గుడ్డ పరచడమంటే ఆ నోళ్లన్నీ మన చేతులతో మూసేయడమే.

ఈ మాట చెబితే అనంతపురంలో పుచ్చ పండించే మా బావగారు ఒప్పుకోలేదు. "మేం మల్చింగ్ షీట్ మీదే కదయ్యా పుచ్చతీగ పాకిస్తున్నాం, కాయలు రావడం లేదా?" అన్నారు. వస్తాయి, నిజమే. కానీ అక్కడ ఎకరానికి వేల మొక్కలు వేసి, ఒక్కో మొక్క నుంచి కొద్దిపాటి కాయలు చాలనుకుంటాం. ఇక్కడ మడి అంతటికీ ఒకటే మొక్క, దానికి ఒకటే కాయ. కలుపు సంగతికొస్తే, జులై నడిమికల్లా గొడుగుల్లాంటి ఆ ఆకుల నీడే చాలావరకు దాన్ని అణచివేస్తుంది. ఏప్రిల్‌లో కలుపు మొలవకుండా గుడ్డ కప్పి ఉంచడం, నడిచే దారిలో శాశ్వతంగా పరచడం మంచి పనులే. తీగ పాకడం మొదలయ్యే ముందు మాత్రం మడి మీది గుడ్డ తీసేయాలి.

అసలు గుడ్డ అవసరం కాయ కింద. చిన్నప్పుడు మా ఇంట్లో పెంటదిబ్బ మీద పాకిన గుమ్మడికి పిందె పడగానే నాయనమ్మ కింద వరిగడ్డి సర్దేది. ఆమె ఉద్దేశం తడి తగిలి కాయ కుళ్లకూడదనే. టన్ను కాయకు ఆ భయంతోపాటు మరొకటి ఉంది. అడుగుభాగం అన్ని వైపులకూ విస్తరిస్తూ పోతుంది కనుక, తడిమట్టి దాన్ని పట్టి ఉంచితే చర్మం చిట్లే ప్రమాదముంది. కాయ సాఫీగా జారాలి, నీరు నిలవకుండా కిందికి దిగిపోవాలి. రెండో ఏడాది నేను ప్లాస్టిక్ టార్పాలిన్ పరిచాను. కాయ జారింది కానీ నీరు దిగలేదు. సెప్టెంబరులో అడుగున అరచేతి మందాన మెత్తబడి, లోపలి గుల్ల దాకా రంధ్రం పడింది. అలా రంధ్రం పడిన కాయను పోటీ తూకానికి అంగీకరించరు.

ఇక్కడి పెంపకందారులు ఏరికోరి తెచ్చుకునేది కాగితపు మిల్లుల్లో వాడి పారేసే ఫెల్ట్ గుడ్డ. తడి కాగితాన్ని మోసుకుపోతూ, అందులోని నీటిని కిందికి వదిలేయడమే యంత్రంలో దాని పని. కాయ కింద మనకు కావలసినదీ సరిగ్గా అదే గుణం. పైగా అది కుళ్లదు, బరువుకు చిరగదు. నేను ఆరడుగుల పొడవు, అంతే వెడల్పు ఉన్న ముక్క కోసుకుంటాను. చిన్న ముక్క వేసి తరువాత చూద్దామంటే కుదరదు, వంద కిలోలు దాటిన కాయను ఎత్తి గుడ్డ మార్చడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

గుడ్డకన్నా దాని కింది నేలను సిద్ధం చేయడానికే ఎక్కువ సమయం పడుతుంది. పరాగ సంపర్కం జరిగిన రెండు వారాల్లోపు, కాయ ఇంకా రెండు చేతులా ఎత్తగలిగే బరువులో ఉండగానే, రాళ్లు ఏరి, నేలను గట్టిగా దిమ్మిస చేసి, వాననీరు పక్కకు పోయేలా కొద్దిపాటి వాలు ఇచ్చి, రెండంగుళాల మందాన ఇసుక పోసి, ఎలుకల బెడద ఉన్నచోట సన్నటి ఇనుప జల్లెడ కూడా పరచి, ఆపైన గుడ్డను ముడతలు లేకుండా వేయాలి. ముడత ఉంటే కాయ అక్కడే నొక్కుకుంటుంది. కాయకు ఇరువైపులా రెండు మూడు అడుగుల మేర తీగ కణుపు వేళ్లను మాత్రం తెంచేయాలి, లేకపోతే కాయ భుజాలు ఎత్తు పెరిగినప్పుడు తీగ లేవలేక తొడిమ దగ్గర పగులుతుంది. మడి అంతటా వేళ్లు దిగాలని ఇంతసేపూ వాదించినవాణ్ణి ఇక్కడ తెంచమంటున్నానేమిటని మా ఆవిడ నవ్వింది.

మా దగ్గరి టాప్స్‌ఫీల్డ్ సంతలోనే 2012లో రాన్ వాలెస్ అనే పెంపకందారు కాయ 2,009 పౌండ్లు (సుమారు 911 కిలోలు) తూగి, ప్రపంచంలో తొలిసారి 2,000 పౌండ్లు దాటింది. 2023లో మిన్నెసోటాకు చెందిన ట్రావిస్ గీంగర్ కాయ కాలిఫోర్నియాలో 2,749 పౌండ్లు (సుమారు 1,247 కిలోలు) తూగింది. నా గరిష్ఠం ఇప్పటికి 611 పౌండ్లు (సుమారు 277 కిలోలు). ఈ ఏడాది ఫెల్ట్ ముక్క ఉతికి గ్యారేజీలో ఆరేశాను. ఇసుక రెండు బస్తాలు తెచ్చిపెట్టాను. వీడ్ మ్యాట్ చుట్ట మాత్రం అవసరమైనవారు వచ్చి ఉచితంగా పట్టుకెళ్లవచ్చు, దారికి పరుస్తామంటేనే ఇస్తాను.