మేఫీల్డ్‌ని కనిపెట్టింది మేమే

ముందు ఒక విషయం తేల్చేద్దాం. ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో మేఫీల్డ్ అనే సబర్బ్‌ని కనిపెట్టింది మేమే. మేం అంటే, సిడ్నీలో ఇల్లు కొనలేక కొన్నాళ్ళు, కొన్నాక ఇంకోటి కొనకుండా ఉండలేక కొన్నాళ్ళు ఏడ్చి, చివరికి శనివారం పొద్దున్నే ఫ్లాస్కులో టీ పోసుకుని 160 కిలోమీటర్లు ఉత్తరానికి కారేసుకుపోయే బాపతు జనం. మేం వెళ్ళకముందు అక్కడ ఏమీ లేదు. అంటే ఇళ్ళున్నాయి, ఇళ్ళలో మనుషులున్నారు, స్కూళ్ళు పబ్బులు చర్చిలు అన్నీ ఉన్నాయి గానీ, ఇన్వెస్ట్‌మెంట్ కంటితో చూస్తే ఏమీ లేదన్నమాట. వేల ఏళ్ళుగా అక్కడే ఉన్న అవాబకల్ జనానికి కూడా 1804లో తెల్లవాళ్ళు దిగి ఇదే లెక్క చెప్పారు, కాబట్టి మాది పాత సంప్రదాయమే, కొత్తగా మేం చేసిన పాపం ఏమీ లేదు.

నేను ఈ దీక్ష తీసుకున్నది సిడ్నీలోని వెంట్‌వర్త్‌విల్‌లో ఒక పుట్టినరోజు ఫంక్షన్లో. లోపల కేక్ కటింగ్, బయట బ్యాక్‌యార్డ్‌లో మగాళ్ళందరూ బిర్యానీ ప్లేట్లు పట్టుకుని గుండ్రంగా నిలబడి ఉన్నారు. మా బావగారు నన్ను పక్కకి పిలిచి, "ఏమోయ్, ఈ ఏడు లాస్ ఎంత చూపిస్తున్నావ్?" అన్నారు. లాస్ ఏం లేదు బావగారూ, ఒకటే ఇల్లు, అందులోనే ఉంటున్నాం అన్నా. ఆయన నావైపు చూసిన చూపు ఎలా ఉందంటే, ముప్పై ఐదొచ్చినా సంబంధం కుదరనివాణ్ణి పెళ్ళిలో పెద్దవాళ్ళు చూస్తారే, అచ్చం అలా.

మా ఊళ్ళో నష్టం వచ్చినవాడు నాలుగు రోజులు మొహం చాటేసేవాడు. మిరపలో పోయినా, రొయ్యల్లో పోయినా, పోయిందని ఎవడూ చెప్పుకునేవాడు కాదు. ఇక్కడ నష్టం అనేది సాధించుకోవాల్సిన విషయం. దాని పేరు నెగటివ్ గేరింగ్. ఇల్లు కొని అద్దెకిస్తాం, వచ్చే అద్దె కంటే బ్యాంకు వడ్డీ, కౌన్సిల్ రేట్లు, రిపేర్లు కలిపి ఎక్కువవుతాయి, ఆ తేడా మన జీతంలోంచి తీసేసి టాక్స్ లెక్కేస్తారు. డాలర్ పోగొట్టుకుంటే మన జీతాన్నిబట్టి ముప్పై, నలభై సెంట్లు వెనక్కొస్తాయి. మిగతా డెబ్బై, అరవై సెంట్లు ఏమైనట్టు అని నేనడిగితే "అక్కడే నువ్వు వెనకబడ్డావ్" అన్నారు బావగారు. ఏడాది దాటాక ఎప్పుడో అమ్ముతాం, లాభంలో సగానికే టాక్స్, అదీ అసలు కిటుకు. ఈ నెగటివ్ గేరింగ్‌ని 1985లో లేబర్ పార్టీ ప్రభుత్వంలో కీటింగ్ ట్రెజరర్‌గా, అంటే ఆర్థికమంత్రిగా ఉండగా ఎత్తేశారు, 1987లో మళ్ళీ వాళ్ళే తెచ్చిపెట్టారు. 2019 ఎన్నికలకి లేబర్ పార్టీ దీన్ని కాస్త కత్తిరిస్తామని చెప్పి మరీ వెళ్ళి ఓడిపోయింది. తిరుపతి లడ్డూ సైజు తగ్గిస్తామని చెప్పి ఎవరైనా ఓట్లడుగుతారా అసలు.

ఇంకో సంగతి నాకు నేనుగా పట్టుకున్నా, దీనికి మాత్రం క్రెడిట్ నాకే కావాలి. లాభంలో సగానికే టాక్స్ అనే రూలు అమల్లోకి వచ్చింది 1999 సెప్టెంబర్ 21న. న్యూకాజిల్‌లో బీహెచ్‌పీ స్టీల్ ఫ్యాక్టరీ మూతపడింది అదే నెల 30న. మధ్యలో తొమ్మిదే రోజులు. ఒకపక్క కార్మికుడి చేతిలోంచి పని జారిపోతుంటే ఇంకోపక్క ఆ కార్మికుడి ఇల్లు కొనేవాడికి సగం టాక్స్ మాఫీ. ఏ పంతులుగారూ ఇంత కచ్చితంగా ముహూర్తం పెట్టలేరు.

ఆ ఫ్యాక్టరీ 1915లో మొదలైంది, 84 ఏళ్ళు నడిచింది. మేఫీల్డ్, టైస్ హిల్, క్యారింగ్టన్, ఇవన్నీ ఆ ఫ్యాక్టరీ కోసం, పోర్టు కోసం బతికిన చెక్కల ఇళ్ళ పేటలు. స్టీలు, పోర్టు, బీచి మూడూ ఒకేచోట ఉన్న ఊరు ఎలా ఉంటుందో వైజాగ్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, గాజువాక వాళ్ళకైతే అసలే చెప్పక్కర్లేదు. టైస్ హిల్లో ఒక పెద్దాయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటే మాట కలిపా. తను అందులోనే పనిచేశాడట. గాలి ఇటు తిరిగిందంటే చాలు వాళ్ళమ్మ తాడు మీద బట్టలన్నీ లాక్కుని లోపలికి పరిగెత్తేదని, లేకపోతే తెల్ల దుప్పట్ల మీద మసి పడి మళ్ళీ ఉతుక్కోవాల్సి వచ్చేదని, గోడలు కూడా ఏడాదికోసారి తోమేవాళ్ళని చెప్పాడు. చెప్పి, ఎదురుగా కొత్తగా రెనొవేట్ చేసిన ఇంటివైపు గడ్డంతో చూపించాడు. పైకప్పు నలుపు, గోడలు నలుపు, ఫెన్సు నలుపు, లెటర్‌బాక్స్ కూడా నలుపు. ఆస్ట్రేలియా మొత్తం ఇప్పుడిదే ఫ్యాషన్, కలర్‌బాండ్ రేకుల్లో మాన్యుమెంట్ అనే షేడ్. "డబ్బులిచ్చి మరీ వేయించుకున్నారా దీన్ని?" అన్నాడు పెద్దాయన, సీరియస్‌గానే అడిగాడు. నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నా. ఇంటికొచ్చాక చూస్తే ఆ కలర్‌బాండ్ రేకులు చేసే కంపెనీ బీహెచ్‌పీ నుంచి విడిపోయిన స్టీలు కంపెనీయే. 84 ఏళ్ళు ఫ్రీగా పూసిన మసినే ఇప్పుడు షేడ్ కార్డులో పెట్టి అమ్ముతున్నారన్నమాట.

మధ్యలో కళాకారుల సంగతి ఒకటుంది. ఫ్యాక్టరీ పోయాక, షాపింగ్ మాల్స్ ఊరి బయటికి పోయాక, హంటర్ స్ట్రీట్‌లో షాపులన్నీ ఖాళీ పడి బోర్డులు కొట్టేసి ఉండేవి. 2008లో రెన్యూ న్యూకాజిల్ అని ఒకటి పెట్టారు, ఖాళీ షాపుల ఓనర్లని ఒప్పించి, అద్దెకి మనిషి దొరికేదాకా నెల నెలా పొడిగించుకునే పద్ధతిలో కుర్ర ఆర్టిస్టులకి ఆ షాపులిప్పించారు. వాళ్ళు ఊడ్చారు, రంగులేశారు, కుట్టారు, బొమ్మలేశారు, వీధిలోకి జనాన్ని రప్పించారు. లోన్లీ ప్లానెట్ అనే ట్రావెల్ గైడు వాళ్ళు 2011కి చూడాల్సిన పది నగరాల్లో న్యూకాజిల్ పేరు రాశారు. ఊరు బాగుపడింది కదా, 2019కల్లా రెన్యూ న్యూకాజిల్ మూసేశారు. చీమలు పెట్టిన పుట్ట గురించి మనకో సామెత ఉంది గానీ, ఇప్పుడు నేను పుట్టలో ఏ పక్కనున్నానో గుర్తొచ్చి ఆ సామెత పూర్తి చేయట్లేదు.

తర్వాత ప్రభుత్వం వాళ్ళు కూడా చేయి వేశారు. 2014 క్రిస్మస్ మర్నాటి నుంచి ఊరి నడిబొడ్డుదాకా వెళ్ళే రైలు లైను కత్తిరించి, వికమ్ దగ్గర ఆపేసి, అక్కణ్ణుంచి బీచి దాకా 2.7 కిలోమీటర్ల లైట్ రైల్ వేశారు, 2019 ఫిబ్రవరిలో మొదలైంది. ఉన్న రైలు తీసేసి అదే దారికి కొంచెం పక్కన చిన్న రైలు పెట్టడాన్ని కనెక్టివిటీ అంటారు, మన భాషలో చెప్పాలంటే అత్తసొమ్ము అల్లుడి దానం. వికమ్‌లో వెంటనే టవర్లు లేచాయి. సిడ్నీ నుంచి హై స్పీడ్ రైలు కూడా వస్తుందని ఏజెంట్లు చెప్తారు. ఈ దేశంలో హై స్పీడ్ రైలు మాట 1984 నుంచి నడుస్తోంది. నడవనిది రైలొక్కటే.

ఇక్కడ టవర్ కట్టడం మాటలు కాదు. ఊరి కింద పాత బొగ్గు గనుల సొరంగాలు, బిల్డింగ్ లేపాలంటే ముందు ఆ డొల్లలోకి గ్రౌట్, అంటే సిమెంటు గుజ్జు, పంపు చేసి నింపాలి. పైన పటారం లోన లొటారం అనేది మన పెద్దలు ఏ ఊరు చూసి అన్నారో గానీ. ప్రపంచంలోకెల్లా పెద్ద బొగ్గు ఎగుమతి పోర్టు కూడా ఇదే, బొగ్గు కోసం వచ్చిన ఓడలు సముద్రంలో వరసగా నిలబడి ఉంటాయి, బ్రోషర్లో వాటిని ఫొటోషాప్‌లో తీసేసి ఓషన్ వ్యూ అని రాస్తారు. ఫెర్రీ ఎక్కి అవతలికెళ్తే స్టాక్టన్, అక్కడ బీచే కోసుకుపోతోంది. ఇసుక పోతోంది గానీ రేటు పోవట్లేదు, అది కూడా పాజిటివ్ సైన్ అని మా బ్రోకర్ అభిప్రాయం, భూమి తగ్గేకొద్దీ విలువ పెరుగుతుందట.

సరే, నేను చూడ్డానికెళ్ళిన ఇల్లు. మేఫీల్డ్‌లో రెండు బెడ్‌రూముల చెక్కల ఇల్లు, శనివారం పదకొండింటికి ఓపెన్ ఇన్‌స్పెక్షన్, టైమ్ ఇరవై నిమిషాలు. బయట ముప్పై మంది దాకా ఉన్నాం, అందులో కనీసం మూడు తెలుగు ఫ్యామిలీలు, ఒకళ్ళనొకళ్ళం గుర్తుపట్టి గుర్తుపట్టనట్టు నటించాం, రేపు వేలంలో ఎదురుపడితే మొహమాటం కదా. లోపల టెనెంట్ సామానంతా అలాగే ఉంది. మేమందరం వరసగా వాళ్ళ పడగ్గదిలోకెళ్ళి గోడలు తట్టి చూశాం. ఒకావిడ అల్మరా తెరిచి బట్టలు పక్కకి జరిపి లోపల తేమ ఉందేమో చూసింది. వంటింట్లో కెటిల్ మీద చెయ్యి పడితే ఇంకా వేడిగా ఉంది. మనసు కొంచెం అదోలా అయింది, వెంటనే ఫోన్ తీసి రెంటల్ ఈల్డ్, అంటే ఇంటి ధరలో అద్దె ఎంత శాతమో, లెక్కేసుకుంటే సర్దుకుంది.

బయటికొచ్చేసరికి ఆ టెనెంట్ రోడ్డవతల కార్లో కూర్చుని ఉంది, వెనక సీట్లో ఒక ముసలి గ్రేహౌండ్ కుక్క తల కిటికీకి ఆనించి మమ్మల్నే చూస్తోంది. "అయిపోయిందా?" అని అడిగింది నన్ను. ఇంకో ఐదు నిమిషాలు అన్నా. పదకొండేళ్ళుగా ఉంటున్నారట ఆ ఇంట్లో. పక్కనే ఏజ్డ్ కేర్‌లో పని, పొద్దున ఆరింటికి డ్యూటీ.

ఆవిడకి నేనొక శుభవార్త చెప్దామనుకున్నా. న్యూ సౌత్ వేల్స్‌లో 2025 మే నుంచి కారణం చెప్పకుండా టెనెంట్‌ని ఖాళీ చేయించడానికి లేదు. మా గ్రూపులో ఆ రోజు ఎంత సంతాపం నడిచిందో చెప్పలేను, ఒకాయనైతే ఇక ఈ దేశంలో ఓనర్‌కి విలువ లేదని రాత్రి పన్నెండు దాకా వాయిస్ మెసేజులు పెట్టారు. తర్వాత ఎవరో రూల్స్ చదివి, ఇల్లు అమ్ముతున్నాం అన్నా కారణమే, పెద్ద రెనొవేషన్ చేస్తున్నాం అన్నా కారణమే, మేమే వచ్చి ఉంటాం అన్నా కారణమే, కాయితం చూపిస్తే చాలని చెప్పాక అందరూ పడుకున్నారు. ఆ లెక్కన ఆవిడకి కూడా కారణం చెప్పే పంపిస్తారు, గౌరవంగా.

మరి ఎక్కడికెళ్తున్నారు అని అడిగా. మేఫీల్డ్‌లో దొరకలేదంది, టైస్ హిల్, క్యారింగ్టన్ అసలు అడగొద్దంది, కుక్క ఉందంటే ఫారమ్ కూడా ఇవ్వట్లేదంది. చివరికి లోపలికి, కార్లో అరగంట పైనే దూరంలో ఒక ఊరు చూసుకున్నారట. పేరు చెప్పింది, నాకు సరిగ్గా వినపడక మళ్ళీ చెప్పించుకున్నా. కర్రీ కర్రీ.

నిజంగానే ఉంది ఆ పేరుతో ఊరు. వెనక్కొస్తూ పెట్రోల్ బంకులో ఆగినప్పుడు చూశా, అక్కడ అల్యూమినియం స్మెల్టర్ ఉండేదట, 2012లో మూసేశారు. ఫ్యాక్టరీ పోయింది, అద్దెలు ఇంకా అందుబాటులో ఉన్నాయి, మేఫీల్డ్ నుంచి ఖాళీ చేసినవాళ్ళు అప్పుడే చేరుతున్నారు, పైగా పేరు చూస్తే మనకోసమే పెట్టినట్టుంది. బావగారికి ఫోన్ కొట్టా. రెండో రింగుకే ఎత్తారు.

"ఎవరికీ చెప్పకు," అన్నారు, "వచ్చే శనివారం పోదాం."