వయ్యారిభామను పీకాల్సింది చలికాలంలో కాదు

హైదరాబాద్ శివారులోని ఒక రక్షిత అడవిలో ఆదివారాల పూట స్వచ్ఛందంగా కలుపు తీసేవాళ్లలో కొన్నేళ్లుగా నేనూ ఉన్నాను. డిసెంబరు, జనవరి నెలల్లో యాభై అరవై మంది వస్తారు; జులైలో ఆరేడుగురం మిగులుతాం. వానాకాలంలో బురద, దోమలు ఉంటాయన్నది నిజమే. కానీ వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపు మొక్క మన సౌకర్యం చూసుకుని మొలవదు, మన సెలవుల కోసం పూత ఆపుకోదు.

మృగశిర కార్తెలో తొలి వానలకు మొలిచిన వయ్యారిభామ నెలా నెలన్నరలో పూతకొస్తుంది. అంతవరకు క్యారెట్ ఆకుల్లాంటి ఆకులు పరుచుకుని నేలకు అంటుకుని ఉంటుంది. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో నేల నాని ఉన్నప్పుడు ఆ ఆకులన్నిటినీ మొదలు దగ్గర కూడదీసి పట్టుకుని నిదానంగా లాగితే, తల్లివేరు మట్టితో సహా ఊడివస్తుంది. డిసెంబరులో అలా కుదరదు. నడుమెత్తు పెరిగిన మొక్క గట్టి నేలలో మొదట్లోనే పుటుక్కున తెగుతుంది, ఆ కుదుపుకు పండిన గింజలు రాలి చొక్కా ముడతల్లోకి, బూట్ల అడుగుకు చేరి, మనం నడిచిన దారుల వెంట అడవి లోపలికి పోతాయి. ఒక్కో మొక్క 15 నుంచి 25 వేల గింజలు వేయగలదు. కిందటి జనవరిలో మేము పీకి దారి పక్కన కుప్పలు పోసిన చోట్లలోనే, ఈ జూన్‌లో నారుమడి పోసినట్టు మొలకలు వచ్చాయి. ఆ మొలకలను చూసినప్పుడు నాకు కలిగిన బాధ ఇంకా తగ్గలేదు.

ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దేశమంతటా వయ్యారిభామపై అవగాహన వారం జరుపుతారు. అవగాహనకు అది మంచిదే, కానీ తొలి వానల మొక్కలు అప్పటికే పూసి ఉంటాయి కాబట్టి, పీకుడు పనిని ఆ వారం దాకా వాయిదా వేయకూడదు.

వానాకాలంలో వచ్చే కొద్దిమందికీ ముందు ఏది పీకకూడదో చూపించాలి. వయ్యారిభామను ఎదగనివ్వకుండా కమ్ముకునే తగిరిస మొక్కను కూడా కలుపనుకుని లాగేస్తున్నారు. మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలిన పెంకుపురుగు వానల్లోనే వయ్యారిభామ ఆకులను తింటుంది, ఎండలు ముదిరితే మట్టిలోకి దిగిపోతుంది. దాన్ని పంట పురుగనుకుని కాలితో నలిపేయడం నేను కళ్లారా చూశాను. పురుగు బాగా పట్టిన మొక్కలను అలాగే వదిలేయాలి.

పొదలుగా పెరిగే మరో కలుపు లాంటానాను తీయడానికీ నేల మెత్తబడిన రోజులే అనువైనవి. పైకొమ్మలు నరికితే మోడు మళ్లీ చిగురిస్తుంది కనుక, గడ్డపారతో నేలకు రెండంగుళాల లోపల వేరు తెంచి, పొదను తలకిందులుగా పడేయాలి. కాయలు నల్లబడకముందే ఈ పని చేయాలి, ఎందుకంటే పిగిలిపిట్టలు వాటిని తిని చెట్ల కింద గింజలు రాలుస్తాయి.

నిర్వాహకులను నేను కోరేది ఒక్కటే: పెద్ద శ్రమదానాలను జూన్ చివరికి, జులైకి మార్చండి. వచ్చేవాళ్లు నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు వేసుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు, వయ్యారిభామ తగిలితే దద్దుర్లు లేచేవాళ్లు పీకే పనికి దూరంగా ఉండాలి. చలికాలంలో వచ్చే యాభై మందికీ పని లేకపోలేదు. అప్పుడు ఎండిన తగిరిస కాయలు కోసి గింజలు దాచిపెడితే, తొలకరికి ముందు వయ్యారిభామ మొలిచే దారుల పక్కనే వాటిని చల్లుకోవచ్చు.