గద్దల గూటి కెమెరాకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ బిగ్ బేర్ గూటి కెమెరా గారికి,

ఉభయకుశలోపరి. మీ క్షేమం అడగనవసరం లేదు, రోజూ చూస్తూనే ఉన్నాను. నా క్షేమమే మీ వల్ల అంతంతమాత్రం.

కాలిఫోర్నియా కొండల్లో బిగ్ బేర్ అనే చోట, పైన్ చెట్టు మీద సుమారు 145 అడుగుల ఎత్తున కూర్చుని, జాకీ, షాడో అనే బాల్డ్ ఈగిల్ దంపతుల కాపురాన్ని ఇంటర్నెట్‌లో లోకానికంతా ప్రత్యక్షంగా చూపిస్తున్నారు. (బట్టతల అని పేరు పెట్టారు గానీ, తల నిండా తెల్లని ఈకలే. నా తలకు ఆ మాట చక్కగా అతుకుతుంది.) పక్కింటాయన మా కిటికీలోంచి తొంగి చూశాడని అపార్ట్‌మెంటు సంఘానికి ఫిర్యాదు చేసిన మనిషిని నేను. అదే పని మీ ద్వారా చేస్తే ప్రకృతి ప్రేమ అయింది.

నా ఆఫీసు వేళ మీకు రాత్రి. బూడిద రంగు తెర మీద ముక్కు రెక్కల్లో దూర్చి నిద్రపోయే పక్షిని, జీతం తీసుకుంటూ కళ్లార్పకుండా చూస్తాను. ఇక్కడ రాత్రి భోజనాల వేళకు అక్కడ తెల్లవారుతుంది. షాడో ఒక పుల్ల తెచ్చి ఎడమ పక్కన పెడతాడు. జాకీ దాన్ని కుడి పక్కకు లాగుతుంది. అతను మళ్లీ ఎడమకు. ఈలోగా నా కంచంలో పెరుగన్నం ఎండిపోతుంది. సోఫా కాస్త జరపమని మా ఆవిడ మూడు నెలలుగా అడుగుతోంది, అది వేరే సంగతి.

2024 శీతాకాలంలో మూడు గుడ్లు. మంచు తుపానులో జాకీ సుమారు 62 గంటలు లేవకుండా పొదిగింది. ఒక్క గుడ్డూ పిల్ల కాలేదు. గడువు దాటి వారాలు గడిచినా అది పొదుగుతూనే ఉంది, మీరు చూపిస్తూనే ఉన్నారు. 2025 మార్చిలో మూడు పిల్లలు పుట్టాయి. మంచు తుపాను వెలిశాక లెక్కపెడితే రెండే. ఆ రోజు నేను సెలవు పెట్టాను. కారణం: దగ్గరివారి ఇంట్లో మరణం.

అదే మధ్యాహ్నం పావురాల వల కట్టే కుర్రవాడు వచ్చాడు. బాల్కనీలో ఏసీ డబ్బా వెనక నాలుగు చీపురు పుల్లలు, ఒక వైరు ముక్క, వాటి మధ్య రెండు గుడ్లు. "వీటిని ఏం చేయమంటారు సార్?" అన్నాడు. ఫోను మీద నుంచి కళ్లు తీయకుండానే "తీసెయ్యి" అన్నాను.

వల గట్టిగానే కట్టాడు. ఆ పావురం రోజూ ఎదురింటి పిట్టగోడ మీద వాలి, మెడ అటూ ఇటూ తిప్పుతూ మా బాల్కనీలోకే చూస్తోంది. కెమెరా లేకుండానే.

ఇట్లు,
మీ రాత్రి కాపలాదారు