తలుపు తీసిందెవరు బావా?

ఈ వారంలో ఇదే వాట్సాప్ ఫార్వర్డు రావడం ఐదోసారి. మారతహళ్లి మెస్ గ్రూపులో ఒకసారి, అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల గ్రూపులో రెండుసార్లు, పాత ఆఫీసు బ్యాచ్‌లో ఒకసారి, చివరికి నెల్లూరు నుంచి మా బావ నేరుగా. బెంగళూరు సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో కదలని బస్సులో ఉన్నాను కాబట్టి ఈసారి మొత్తం చదివాను.

‘ఐ సా ది డెవిల్’ అనే కొరియన్ సినిమా మీద బారెడు మెసేజీ. కాబోయే భార్యను చంపినవాణ్ణి ఒక సీక్రెట్ ఏజెంటు పట్టుకుని, చావగొట్టి, వదిలేసి, మళ్లీ పట్టుకునే కథ. దాన్నుంచి ఆ రాసినాయన తేల్చిందేమిటంటే: పగ మనిషికి సహజం, సైన్సూ పురాణాలూ అదే అంటున్నాయి, కోర్టులు దండగ, 2019లో ‘దిశ’ హత్యాచారం కేసు నిందితులు నలుగుర్ని హైదరాబాద్ దగ్గర చటాన్‌పల్లిలో మన పోలీసులు కాల్చి చంపారే, అదే అసలు న్యాయం. కింద మూడు నిప్పు బొమ్మలు, ‘మగాడైతే షేర్ చెయ్’. (సినిమా చూడనివాళ్లు ఇక్కడే దిగిపోండి, కథంతా చెప్పేస్తున్నాను.)

ముందు చిల్లర సంగతులు. నిజంగా జరిగిన కథ అనీ, కొరియాలో నిషేధించారనీ రాశాడాయన. ఇది నిజంగా జరిగిన కథ కాదు. కొరియాలో నిషేధించలేదు, సెన్సారువాళ్లు పేచీ పెడితే కొంత కత్తిరించి 2010 ఆగస్టులో విడుదల చేశారు. అయిపోయింది.

సైన్సు. 2004లో జ్యూరిక్ పరిశోధకులు, డబ్బుల ఆటలో మోసం చేసినవాడికి జరిమానా వేసేవాళ్ల మెదడు స్కాన్ చేస్తే, సంతోషానికి సంబంధించిన భాగం చురుగ్గా కనిపించింది. నిజమే. కానీ వాళ్లు వేసింది జరిమానా బావా, సుత్తి దెబ్బ కాదు. 2008లో అమెరికాలో అలాంటి ఆటే ఇంకొకటి ఆడించారు. శిక్షిస్తే మనసు తేలికపడుతుందని అనుకున్నారు జనం. తీరా చూస్తే, శిక్ష వేసినవాళ్లే మోసగాణ్ణి తలుచుకుని తలుచుకుని, ఆ అవకాశం రానివాళ్లకంటే దిగులుగా ఉన్నారు. అయినా సహజమైతే సరైనదేనా? ఎర్రలైటు దాటాలనిపించడమూ సహజమే. సాక్ష్యం కావాలంటే సిల్క్‌బోర్డుకి రండి.

ఇక అసలు విషం. ‘హీరో చేసిందే మనవాళ్లు చటాన్‌పల్లిలో చేశారు.’

హీరో ఏం చేశాడో చూద్దాం. పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన మామగారు నలుగురు అనుమానితుల వివరాలు చేతిలో పెడతాడు. మొదటివాణ్ణి చిత్రహింస పెడతాడు. వాడు కాదు. రెండోవాణ్ణి చావబాదుతాడు. వాడూ కాదు. ఆ తర్వాతగానీ అసలువాడు దొరకడు. ఫార్వర్డులో ఆ ఇద్దరి ఊసే లేదు! పైగా సినిమాలో చంపిందెవరో మనం మొదట్లోనే కళ్లారా చూసేశాం. బయట ఆ సౌకర్యం లేదు.

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లిలో నలుగురు పోయారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథ నమ్మేలా లేదంది. నలుగురిలో ముగ్గురు మైనర్లంది. 10 మంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలంది. నేరం ఆ నలుగురిదేనా? కావచ్చు. ఎవరు ఎంత చేశారు? ఏ కోర్టూ చెప్పలేదు, ఇక చెప్పదు. ఆ అమ్మాయికి న్యాయం జరిగిందంటున్నారే, ఆ రాత్రి ఏం జరిగిందో రుజువయ్యే దారినే కాల్చిపారేశారు.

అంతదూరం ఎందుకు, మా బెంగళూరు సంగతే చెప్తాను. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్ నిండా మెసేజీలు. చామరాజపేటలో 26 ఏళ్ల రాజస్థాన్ కుర్రాణ్ణి అదే అనుమానంతో కట్టేసి కొట్టి చంపారు. కొట్టిన ప్రతివాడూ తనే హీరో అనుకుని ఉంటాడు. మెసేజీ పంపినవాడు షేర్ నొక్కేసి అన్నానికి లేచి ఉంటాడు, నీలాగే.

ఒకటి ఒప్పుకుంటాను. ఆ డిసెంబర్ 6న మా ఆఫీసులో ఎవరో మైసూర్‌పాక్ పంచితే నేనూ తిన్నాను. రెండు ముక్కలు. ఇష్టంగానే తిన్నాను. కోర్టుల ఆలస్యం గురించి ఫార్వర్డు అన్నది కూడా అబద్ధం కాదు: 2012 డిసెంబర్ నాటి ఢిల్లీ నిర్భయ కేసులో ఉరి అమలయ్యేసరికి 2020 మార్చి వచ్చింది. ఆ తల్లి ముందు నిలబడి ‘ఓపిక పట్టమ్మా’ అనే ధైర్యం నాకు లేదు. సినిమాలో మొదటిసారి వాడి చెయ్యి విరిగినప్పుడు నేనూ ‘ఇంకోటి వెయ్యి’ అనుకున్నవాణ్ణే.

దర్శకుడు కిమ్ జీవూన్ సరిగ్గా అక్కడే మనల్ని పట్టేస్తాడు. విరగ్గొట్టి వదిలిన ప్రతిసారీ వాడు ఇంకొకరి మీద పడతాడు. ఆస్పత్రిలో నర్సు మీద. చివరికి హీరో మామగారి ఇంటిమీద. ఇక చాలు, ఆపెయ్యమని బతిమాలిన మరదలే బలైపోతుంది. ‘పగ లెక్క సరిచేస్తుంది’ అట. ఏ లెక్క నాయనా? పాత బాకీ తీర్చడానికి వెళ్లి కొత్త అప్పు చేసొచ్చాడు.

మిగిలింది ద్రౌపది. రక్తంతో జడ ముడిచింది కాబట్టి పగ మన సంస్కృతి అట. పుస్తకం అక్కడే మూసేశారా? నిద్రలో తన ఐదుగురు కొడుకుల్నీ చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేస్తే, భాగవతంలో ఆమె వదిలెయ్యమంది. నేను ఏడ్చినట్టు వీళ్లమ్మ కృపి ఏడవకూడదంది. చంపాలని పట్టుబట్టింది భీముడు. మా బావది భీముడి పార్టీ అని పెళ్లిభోజనాల్లోనే తెలిసింది లెండి.

సినిమా ఆఖరి సీను కూడా అలాంటి తల్లి దగ్గరికే వెళ్తుంది. హీరో హంతకుడి మెడను గిలటిన్ కింద ఇరికించి, తలుపు తీస్తే కత్తి పడేలా అమర్చి వెళ్లిపోతాడు. ఆ తలుపు తీసేది వాడి ముసలి తల్లిదండ్రులు, వాడి కొడుకు. వాళ్ల కేకలు చెవిలో వింటూ హీరో రోడ్డు మీద ఏడుస్తూ నడుస్తాడు. ఈ సీను గురించి ఫార్వర్డులో ఉన్నవి రెండే మాటలు: ‘గూస్‌బంప్స్ క్లైమాక్స్’.

బస్సులోంచే బావకి ఫోన్ చేశాను. ఆఖర్లో తలుపు తీసిందెవరు బావా అని అడిగాను.

‘ఏ తలుపు?’ అన్నాడు.