మిగిల్చిన నీటికి పూచీ ఎవరిది?

శ్రీశైలానికి వరద తగ్గుతోందంటే చాలు, రెండు ఒడ్డుల మీదా తొందర మొదలవుతుంది. ఎడమ గట్టున తెలంగాణ 900 మెగావాట్ల విద్యుత్కేంద్రం, జలాశయం పైభాగాన ఆంధ్రప్రదేశ్ పోతిరెడ్డిపాడు తూములు. మనం ఆగితే వాళ్లు తోడేస్తారని ఒకరి భయం, మనం ఆగితే వాళ్లు కరెంటు కోసం కిందికి వదిలేస్తారని మరొకరి భయం. 2021లో సాగర్ దిగువన పులిచింతల దగ్గర విద్యుదుత్పత్తి కోసం వదిలిన నీరు, 3 టీఎంసీలకు మించి పట్టని ప్రకాశం బ్యారేజీలో నిలవక సముద్రంలో కలిసింది. 2023 నవంబరు 30న సాగర్ ఆనకట్ట మీద రెండు రాష్ట్రాల పోలీసులు తలపడ్డారు. చివరికి సీఆర్‌పీఎఫ్ బలగాలను దించాల్సి వచ్చింది.

దీన్ని దురాశ అనుకుంటే వైద్యం తప్పుతుంది. ఇద్దరూ ఆగితే ఇద్దరికీ లాభమే, కానీ ఎదుటివాడు ఆగుతాడన్న నమ్మకం లేనప్పుడు ముందు తోడుకోవడమే ఎవరికైనా తెలివైన పని. ఎదుటివాడి ఎత్తును బట్టి మన ఎత్తును లెక్కగట్టే క్రీడా సిద్ధాంతం (గేమ్ థియరీ) దీన్నే ఖైదీల సందిగ్ధం అంటుంది. మాట తప్పితే తనకే నష్టమయ్యేలా తన చేతులు తానే కట్టుకున్నవాడి మాటకే విలువ ఉంటుందని 2005 ఆర్థికశాస్త్ర నోబెల్ గ్రహీత థామస్ షెల్లింగ్ చూపించారు. కృష్ణా ఒప్పందాలలో అలా కట్టిన ముడి ఒక్కటీ లేదు.

కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీలను 2015లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా వాడుకోవాలనుకున్నారు. అది ఒక్క ఏడాదికి చేసుకున్న తాత్కాలిక ఏర్పాటు. ఏటేటా పొడిగించుకునే లెక్కలో ప్రతి సంవత్సరమూ ఆఖరి సంవత్సరమే, రేపటి కోసం ఈరోజు ఓర్చుకునే అవసరం ఎవరికీ కనిపించదు. పైగా నీటి సంవత్సరం మే 31తో ముగుస్తుంది. వాడని వాటాను మరుసటి ఏడాదికి జమ చేయాలని తెలంగాణ కోరింది, ఆంధ్రప్రదేశ్ ఒప్పుకోలేదు. పొదుపు చేసినవాడు నష్టపోయే లెక్క ఇది. అయితే ఆంధ్రప్రదేశ్ అభ్యంతరంలోనూ పస ఉంది. పాత నీరు జలాశయంలో చోటు ఆక్రమిస్తే కొత్త వరద పొర్లిపోతుంది కదా. దీనికి విరుగుడు ఉంది: సాగర్ 590 అడుగులకు చేరి గేట్లు ఎత్తిన రోజున, మొదట పోయిన నీటిని దాచుకున్న ఖాతాలోంచే కోయాలి. ఆవిరి నష్టాన్నీ ఆ ఖాతాకు దామాషాలో రాయాలి. ఈ రెండు షరతులతో నీటి జమను అనుమతించాలని మేము కోరుతున్నాం.

కొలత లేని ఖాతా ఖాతా కాదు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. 44,000 క్యూసెక్కుల పోతిరెడ్డిపాడులో కొలత 5 శాతం తప్పినా పది రోజుల్లో దాదాపు 2 టీఎంసీలు లెక్కకు రావు, అంటే సుమారు 20 వేల ఎకరాల ఆరుతడి. అన్ని తూముల దగ్గరా టెలిమెట్రీ, అంటే కొలతను దానంతటదే దూరానికి పంపే పరికరాలు, పెట్టడానికి 2025 జూలై 16న ఢిల్లీలో ఇద్దరు ముఖ్యమంత్రులూ అంగీకరించారు. మంచిదే, కానీ యంత్రం బిగించడంతో పని అయిపోదు. చాలాచోట్ల ఆ పరికరం చూసేది నీటి మట్టాన్ని మాత్రమే, ప్రవాహాన్ని ఏ మట్టానికి ఎంత పారుతుందో చెప్పే పట్టిక నుంచి లెక్కగడతారు. కాలువలో పూడిక చేరినా, నాచు పెరిగినా, దిగువ నీరు ఎగదన్నినా ఆ పట్టిక అబద్ధం చెబుతుంది. అందుకే రెండు రాష్ట్రాల ఇంజనీర్లు కలిసి నెలకోసారి నీటి వేగాన్ని కొలిచే కరెంట్ మీటరుతో సరిచూడాలి. గంటగంటకూ వచ్చే అంకెలు రైతులకూ కనిపించాలి.

ఇక శిక్ష. ఇప్పుడు ఎవరైనా ఎక్కువ తోడితే కృష్ణా నదీ యాజమాన్య బోర్డు త్రిసభ్య కమిటీ కూర్చోవాలి. అందులో ఇద్దరు ఆ రెండు రాష్ట్రాల ఇంజనీర్లే, ఒకరు రాకపోతే సమావేశం వాయిదా. తప్పు చేసినవాడి హాజరు మీద ఆధారపడిన శిక్షకు ఎవరూ భయపడరు. పది రోజులకోసారి లెక్క కట్టి, ఎక్కువ తీసుకున్నంతా తర్వాతి ఇండెంటులో, అంటే రాష్ట్రం కోరే నీటి లెక్కలో, దానంతటదే తగ్గిపోవాలి. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేకుండా నిబంధన రాయాలి.

మన చెరువుల కింద తూము ఎత్తేది ఆయకట్టు రైతు కాదు, తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి. అతనికి గింజలు అందరి కళ్లాల్లోంచీ వెళ్లేవి కాబట్టి అతను ఏ ఒక్కరి మనిషీ కాడు. ప్రాజెక్టులను బోర్డు పరిధిలోకి తెస్తూ 2021 జూలై 15న కేంద్రం ఇచ్చిన గెజిట్ ఉద్దేశమూ అదే. అయినా రెండు రాష్ట్రాలూ గేట్లు అప్పగించలేదు. బ్రిజేష్‌కుమార్ ట్రైబ్యునల్ వాటాలు తేల్చేదాకా ఆగనక్కర్లేదు, ఎవరి వాటా ఎంతైనా ఈ నిబంధనలు పనికొస్తాయి. నీటి జమ, ఉమ్మడి కొలత, ఆటోమేటిక్ కోత, ఈ మూడింటి మీద ఇద్దరు ముఖ్యమంత్రులూ జూన్ 1కి ముందే సంతకాలు చేయాలి.